జర్మన్ సినిమాకి నేను కలిపిన సీను

పోయిన నెలలో లిఖిత మా ఇంటికొచ్చింది. తనకి రెజైనాలో గవర్నమెంటు ఉద్యోగం. ఆఫీసు పని మీద టొరంటో వచ్చినది, ఇంత దూరం వచ్చి నన్ను చూడకుండా పోతే బాగుండదని ఏజాక్స్‌లో మా ఇంట్లో ఒక పూట దిగింది. ఒకప్పుడు సార్నియాలో ఒకే ఇంట్లో ఉండి చదువుకున్నవాళ్ళం. గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ, ఇంకా కోటు కూడా తియ్యకముందే, "అక్కా, విన్నావా, ఫ్లైట్‌లో ఆ జర్మన్ సినిమా చూశాను! చివర్లో ఆ కుర్రాడు నిజంగానే ఎవరి కాళ్ళమీదా పడడు. అప్పుడు క్లాసులో నువ్వు నిద్రపోయావు కదూ?" అని పకపకా నవ్వింది. నా చేతిలో టీ గిన్నె ఉంది. "అవునే, నిద్ర పట్టేసింది" అన్నాను. తను నవ్వుకుంటూనే కోటు తగిలించి, మా అమ్మాయి గది ఎక్కడని అడుగుతూ మేడ మీదికి పోయింది. నేను స్టవ్ దగ్గరే నిలబడిపోయాను. నాకు నిద్రా లేదు గిద్రా లేదు. ఆ సినిమాని మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా కళ్ళార్పకుండా చూసినదాన్ని. ఇంత వయసొచ్చాక, అడిగీ అడగ్గానే మళ్ళీ అదే అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా ఊడిపడిందో చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసింది. ఇది రాయడానికి కారణం ఆ అసహ్యమే.

సార్నియాలో మేము అద్దెకున్నది ఒక పాత ఇంటి బేస్‌మెంట్. ముగ్గురం ఉండేవాళ్ళం. లిఖితది తణుకు, హేమది ప్రొద్దుటూరు, నాది మెట్‌పల్లి. వాళ్ళకంటే నేను ఐదారేళ్ళు పెద్ద, పైగా పెళ్ళైనదాన్ని, అందుకని సూట్‌కేసులు దించిన రోజు నుంచే వాళ్ళకి 'అక్క'నైపోయాను. కిటికీ తీస్తే కెమికల్ ప్లాంట్ల వాసన, మూస్తే మా పోపు వాసన. రెండూ కలిసి కార్పెట్‌లోకి ఇంకిపోయి, ఎంత వాక్యూమ్ చేసినా పోయేవి కావు. క్లాసులో నా పక్క కుర్చీ ఎప్పుడైనా ఖాళీగా కనపడితే చాలు, నా కోటు మెంతుల వాసన వస్తోందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేదాన్ని. బస్సులు తక్కువ. ఒకటి తప్పిపోతే ఆ చలిలో గంటసేపు నిలబడాలి, కారున్నవాళ్ళని చూస్తే దేవుళ్ళలా కనపడేవాళ్ళు. ఊరి మొత్తం మీద మాకు తెలిసిన ముఖాలన్నీ మాలాంటివే. కాలేజీ కారిడార్‌లో ఇటు పోతే తెలంగాణ, అటు పోతే ఆంధ్ర. నెలలు గడిచేకొద్దీ ఎవరి యాస వాళ్ళకే పల్చబడిపోయింది. నేను 'ఏందే' అనడం తగ్గించాను, లిఖిత 'అండీ' అనడం తగ్గించింది. హేమ మాత్రం ఏమీ తగ్గించలేదు.

హేమ సన్నగా, పొడుగ్గా ఉండేది, గొంతు మాత్రం బండగొంతు. అందరికంటే ముందు లేచి, తల వెంట్రుకలకి నూనె రాసి గట్టిగా జడ వేసుకుని, మాకు టీ పెట్టి, ఆ తర్వాతే నోరు తెరిచేది. తెరిస్తే మూసేది కాదు. శనివారం ఉగ్గాని చేసేది. ఇండియన్ స్టోర్‌కి పోవాలంటే ఎవరి కారైనా పట్టుకోవాలి, బొరుగుల ప్యాకెట్ కోసం సీనియర్లని బతిమాలి ఎక్కేది. లిఖిత పులుసులో బెల్లం వేస్తే "ఇది పులుసా, పాయసమా?" అని గిన్నె ఎత్తి వాసన చూసేది. నేను జొన్నరొట్టె చేస్తే మాత్రం ఏమీ అనకుండా రెండు తినేది. నేనంటే దానికి ఎందుకంత గురో నాకు తెలీదు. ఏ విషయం మీదైనా వాళ్ళిద్దరికీ గొడవొస్తే, "అక్క చెప్పిందంటే అయిపోయినట్లే" అని తీర్పు ఇచ్చేసేది. నాకా, చెప్పడమంటే ఇష్టం. ఎవరైనా నోరు తెరుచుకుని వింటున్నారంటే నాకు ఆకలి కూడా వెయ్యదు. ఆ జబ్బు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత చెబుతాను.

ముందు రికార్డు సంగతి చెప్పాలి. మన దగ్గర ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ల్యాబ్ రికార్డు క్లాసులో ఒక్కరే రాస్తారు. ఎవరి అక్షరాలు గుండ్రంగా ఉంటాయో ఆ అమ్మాయి రాస్తుంది. మిగతా అరవైమందీ దాన్ని చూసి ఎక్కించుకుంటారు. సార్లకీ తెలుసు. వాళ్ళూ అట్లాగే చదివొచ్చారు. ఇవ్వనన్నదాన్ని పొగరుబోతంటారు గానీ, ఎక్కించుకున్నవాణ్ణి దొంగ అనరు. ఆ అలవాటుని మేము సూట్‌కేసులో పచ్చళ్ళతో పాటే మోసుకొచ్చాం. మొదటి టర్మ్‌లోనే హేమ ఒక సీనియర్ అసైన్‌మెంట్ చూసి ఎక్కించి దొరికిపోయింది. వార్నింగ్ ఇచ్చారు. రెండోసారి అయితే ఒక టర్మ్ సస్పెన్షన్ అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. సస్పెన్షన్ అంటే ఫుల్‌టైమ్ స్టేటస్ పోయినట్టే, అది పోతే చదువయ్యాక రావాల్సిన వర్క్ పర్మిట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. హేమ ఆ రోజు నుంచి ఒట్టేసుకుంది. "ఇంక నా తలకాయలోది తప్ప ఇంకోటి రాయనక్కా" అనేది. రాయలేదు కూడా. అదే నన్ను ఇప్పటికీ కొరికి తినేది.

రెండో టర్మ్‌లో ఒక ఎలక్టివ్ తీసుకోవాలన్నారు. లిస్టులో 'సాహిత్యం, సినిమా' అని ఒకటుంది. సినిమా చూస్తే మార్కులేస్తారంట అని మనవాళ్ళంతా ఎగబడి దాంట్లో చేరారు. తీరా చూస్తే రోజూ రీడింగులు, వారం వారం రాతలు. ఆ క్లాసు చెప్పేది హెల్గా మేడమ్. చిన్నప్పుడే జర్మనీ నుంచి వచ్చిన ఆవిడ, అప్పటికే అరవై దాటాయి. ఫ్లాస్కులో టీ తెచ్చుకునేది. పాఠం మధ్యలో చిన్న చాకుతో ఆపిల్ కోసి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి ఒక్కో ముక్క ఇచ్చి, తను చివరి ముక్క తినేది. మా పేర్లు ఇంట్లో ప్రాక్టీసు చేసి వచ్చేదట. 'సౌజన్య' అని నా పేరు ఆ దేశంలో సరిగ్గా పలికిన మొదటి మనిషి ఆవిడే. టర్మ్ సగంలో, ఇది నేను పద్దెనిమిదేళ్ళప్పుడు చదివిన నవల, తర్వాత సినిమాగా తీశారు అని చెప్పి, ఒక బ్లాక్ అండ్ వైట్ జర్మన్ సినిమా వేసింది. ఆ రోజు హేమకీ లిఖితకీ కాఫీ షాపులో షిఫ్ట్ పడింది, క్లాసుకి రాలేదు. మా ఇంట్లోంచి నేనొక్కదాన్నే చూశాను.

కథ చాలా చిన్నది. నది ఒడ్డున ఒక మిల్లు ఊరు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు అక్కడికి గుమాస్తా పని నేర్చుకోడానికి వస్తాడు. నీళ్ళ తూము కాపలా కాసే ముసలాయన ఇంట్లో అద్దెకుంటాడు. ఆ ముసలాయన భార్య వీడికి వండిపెట్టి, బట్టలు ఉతికి పెడుతుంది. వీడికి ఊళ్ళో ఎవరితోనూ కలవదు. మాట్లాడితే నలుగురూ నవ్వుతారేమోనని భయం. కలుపుకుంటారన్న ఆశతో మిల్లు ఓనర్ కొడుకుల వెంట తిరుగుతుంటాడు. ఒక సెలవు రోజు వాళ్ళు తమాషాకి తూము ఎత్తేస్తారు, వీడు ఎవరైనా వస్తున్నారేమోనని కాపలా నిలబడతాడు. పల్లంలో ఉన్న ఇళ్ళు మునుగుతాయి. నేరం ముసలాయన మీద పడుతుంది, ఉద్యోగం పోతుంది, ముసలాళ్ళిద్దరూ ఊరొదిలి పోవాలి. వీడికి అన్నీ తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. చెప్పడు. సామాన్లు బండికెక్కించే రోజున ఆ ముసలామె వీడి చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి తెచ్చి చేతికిస్తుంది. వీడు థాంక్స్ చెబుతాడు. బండి పోతుంది. వీడు ఆ చొక్కా తొడుక్కుని, అద్దంలో చూసుకుని, టోపీ సర్దుకుని పనికి బయల్దేరతాడు. అంతే సినిమా. ఏడుపు లేదు, పశ్చాత్తాపం లేదు, కనీసం వాడికి జ్వరం కూడా రాదు. లైట్లు వేశాక నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం సినిమా మేడమ్ ఇది, వాడికేం కాదా?" అని అడిగేశాను. హెల్గా మేడమ్ ఆపిల్ చాకు తుడుచుకుంటూ, "ఏమీ కాదు. నలభై ఏళ్ళుగా నాకూ అదే కోపం" అంది.

ఆదివారం పొద్దున ఇద్దరూ నన్ను పట్టుకున్నారు. మంగళవారానికి ఎస్సే ఇవ్వాలి. లైబ్రరీలో ఉన్నది ఒకటే డిస్క్, అక్కడే కూర్చుని చూడాలి, దానికి వెయిటింగ్ లిస్టు. "చెప్పక్కా, నువ్వు చెప్తే చూసినట్టే ఉంటది" అంది హేమ. అంతకంటే నాకేం కావాలి? ఉల్లిపాయలు ముందేసుకుని నేలమీద కూర్చుని మొదలుపెట్టాను. సినిమా గంటా నలభై నిమిషాలు, నా చెప్పడం రెండున్నర గంటలు. తూము నీళ్ళు ఎట్లా వచ్చాయో చేతులతో చూపించాను. ముసలామె నడక నడిచి చూపించాను. లిఖిత పోపు మాడబెట్టింది, స్మోక్ అలారం మోగింది, హేమ కుర్చీ ఎక్కి టవలుతో విసురుతూ కూడా "తర్వాత?" అంటూనే ఉంది.

ఈ జబ్బు మా మేనత్త రాజవ్వది. మెట్‌పల్లిలో మా వాకిట్లో మధ్యాహ్నం పూట పదిమంది ఆడవాళ్ళు ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. తునికాకు తడి వాసన, తంబాకు ఘాటు, తుమ్ములు, వాటి మధ్యలో మా అత్త గొంతు. వాళ్ళందరి తరఫునా సినిమాకి పోయేది అత్త ఒక్కతే. ఆమె వాటా బీడీలు ఆ రోజుకి మిగతావాళ్ళు చుట్టేవాళ్ళు. మర్నాడు ఆమె కథ చెప్పాలి. అత్త చెప్పే సినిమాలో చావాల్సినవాళ్ళు చచ్చేవాళ్ళు కాదు. మొగుడు పోయిన పిల్ల ఎవరైనా ఎదురుగా కూర్చుని ఉంటే, తెరమీద పోయిన మొగుడు అత్త నోట్లో బతికొచ్చేవాడు. తాగుబోతు కొడుకున్న ముసలామె ఉంటే, కథలో కొడుక్కి బుద్ధొచ్చేది. నేనొకసారి అదే సినిమా చూసొచ్చి, "అత్తా, నువ్వు చెప్పింది అబద్ధం" అంటే, "ఊకో పోరి, దినమంత వంగి వంగి నడుములు వొయినోళ్ళకు అసలు సంగతి చెప్పి నేనేం బాగువడ్త?" అని నెత్తిమీద ఒక్కటి మొట్టింది. అది దయో, ఆశో, ఒట్టి గొప్పో నాకు తెలీదు. నాలో మాత్రం గొప్పే ఎక్కువ పాలు వచ్చిందనుకుంటా.

ఎందుకంటే, చొక్కా సీను దగ్గరికి వచ్చేసరికి హేమ కళ్ళు నిండిపోయి ఉన్నాయి. చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని, "చెప్పేస్తాడు కదక్కా ఇప్పుడు? చెప్పకుంటే వాడు మనిషే కాదు" అంది. ఆ ముఖం చూసి నేను ఆగలేకపోయాను. "చెప్పేస్తాడు" అన్నాను. "చొక్కా కింద పడేస్తాడు. బండి వెనకాల పరిగెత్తుతాడు. ముసలామె కాళ్ళమీద పడి, అమ్మా, తప్పంతా నాదే అని గుండెలు బాదుకుంటాడు." కాళ్ళమీద పడటమట! జర్మనీలో! లిఖిత ముక్కు చీదుకుంది, హేమ కళ్ళు తుడుచుకుని "అట్లుండాల" అంది. అన్నాలు తిన్నాం. ఆ కూర ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది.

సోమవారం సాయంత్రం హేమ తన ఎస్సే నాకు చదివి వినిపించింది. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉంది గానీ, ప్రతి ముక్కా దానిదే. సినిమా మొత్తానికి గొప్ప సీను ఆ కుర్రాడు కాళ్ళమీద పడటమేనని రాసింది. వాడికి ఊళ్ళో ఎవరూ లేరు, తప్పు ఒప్పుకున్న క్షణంలోనే మొదటిసారి వాడికి మనుషులు దొరికారు, నేను కూడా మొదటి టర్మ్‌లో ఒక తప్పు చేశాను కాబట్టి నాకది తెలుసు అని రాసుకుంది. నేను అక్కడే చెప్పాల్సింది. హేమా, ఆ సీను లేదే, నేనే కల్పించిన, మార్చుకో అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది. నవ్వుతారని సిగ్గు. అంత బాగా రాసినదాన్ని ఎట్లా చెడగొట్టాలనిపించింది. ముప్ఫైమంది ఎస్సేల్లో ఒక సీను ఎవరు పట్టించుకుంటారులే అని కూడా అనుకున్నాను. "బాగుందే" అన్నాను. నా ఎస్సేలో మాత్రం అసలు ముగింపే రాసుకున్నాను. ఆ కుర్రాడి మౌనం గురించి నాలుగు పేజీలు రాశాను. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. మౌనాన్ని ఇంత లోతుగా అర్థం చేసుకున్న విద్యార్థులు తక్కువ అని మేడమ్ మార్జిన్‌లో రాసింది.

లిఖితకీ హేమకీ మార్కులు రాలేదు, మెయిల్స్ వచ్చాయి. ఆ రాసిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు అప్పుడప్పుడే వచ్చిన రోజులు. అవి లేని పుస్తకాలకి పేర్లు పెడతాయి, లేని సీన్లు కల్పిస్తాయి అని టీచర్లంతా హడలిపోతున్నారు. ఇద్దరి ఎస్సేల్లోనూ సినిమాలో లేని సీను, అదీ ఒకటే సీను. మిషన్‌తో రాయించారని తప్ప ఎవరైనా ఏమనుకుంటారు? ఆ సీను సినిమాలో లేదటక్కా అని ఇద్దరూ నన్ను అడిగితే, చివర్లో నాకు నిద్ర పట్టేసిందే, అట్లాగే అయ్యుంటుందనుకున్నా అన్నాను. లిఖితకి మొదటి తప్పు కాబట్టి సున్నా వేసి వార్నింగ్ ఇచ్చారు, భయపడి ఏమీ వాదించకుండా ఒప్పేసుకుంది. హేమ ఒప్పుకోలేదు. మేడమ్ ఆఫీసులో కూర్చుని, "నేను రాసినా, నా చేత్తో రాసినా. సినిమా చూడలేదు, అది తప్పే. మా అక్క ఇంట్లో కథ చెప్పింది, అది విని రాసినా. సౌజన్యక్కని అడగండి, ఆమె చెప్తుంది" అని చెప్పిందట. ఇంటికొచ్చి నాతో కూడా ఏమీ దాచకుండా చెప్పింది. "నీ పేరు చెప్పినానక్కా, తప్పలేదు. ఏం పర్లేదు కదా?" అంది. "ఏం పర్లేదే" అన్నాను.

మర్నాడు పొద్దున మేడమ్ నన్ను పిలిచింది. చిన్న గది, కిటికీలోంచి పార్కింగ్ లాట్, బల్లమీద అదే ఫ్లాస్కు. నాకు కూడా కప్పులో టీ పోసింది. "సౌజన్యా, హేమ చెప్పింది నేను నమ్మాలనుకుంటున్నాను" అంది. "నువ్వు ఇంట్లో కథ చెప్పి, అది విని ఆమె సొంతంగా రాసి ఉంటే, అది బద్ధకమే తప్ప మోసం కాదు. నేనే తనకి ఇంకో అవకాశం ఇస్తాను, కమిటీ దాకా పోదు. నీ పేరు మాత్రం ఫైల్లో నోట్ చెయ్యాల్సి ఉంటుంది. చెప్పు, ఆ సీను నీ దగ్గర్నుంచి వచ్చిందా?" నా పేరు ఫైల్లో అనే మాట ఒక్కటే నా చెవిలో పడింది. మా ఆయన స్పౌజ్ వీసా ఫైలు అప్పుడు నడుస్తోంది. పెళ్ళైన మూడో నెలలో ఆయన్ని అక్కడే వదిలి వచ్చినదాన్ని, పొద్దున లేస్తే స్టేటస్ చెక్ చేసుకోవడమే నా పని. ఈ ఫైలుకీ ఆ ఫైలుకీ సంబంధం ఉందో లేదో కూడా నాకు తెలీదు, ఎవర్నీ అడగలేదు. "నాకు తెలియదు మేడమ్. సినిమా నేను చూశాను, నా ఎస్సే నేను రాసుకున్నాను" అన్నాను. ఆవిడ ఫ్లాస్కు మూత బిగించింది. "సరే" అంది. కప్పులో టీ అట్లాగే వదిలేసి వచ్చేశాను.

బేస్‌మెంట్ మెట్లు దిగుతుంటేనే హేమ ఎదురొచ్చింది. "అక్కా, మేడమ్ నిన్ను పిలిచిందా?" ఎంత ఆశగా అడిగిందో! ఆ ముఖం మీదే చెప్పాను. "లేదే. నన్నెవరూ పిలవలేదు." హేమకి నా మీద అనుమానం రాలేదు. "అడగను కూడా అడగలేదా! అంతే అక్కా, మనం చెప్తే వాళ్ళు నమ్ముతారా? అది ఆపిల్ ముక్కలిచ్చి పైకి నవ్వేదే" అని మేడమ్‌ని బండబూతులు తిట్టింది. నేను కూడా రెండు కలిపాను. అవును, నేను కూడా తిట్టాను. రెండు వారాలకి కమిటీ లెటర్ వచ్చింది, ఒక టర్మ్ సస్పెన్షన్. ఇంకో కాలేజీలో చేరదామని తిరిగింది, ఎక్కడా కుదరలేదు, ఊరికి టికెట్ తీసింది. పోయే రోజు పొద్దున నేను స్నానం చేసొచ్చేసరికి, ఉతికి ఆరేసిన నా బట్టలన్నీ మడత పెట్టి నా మంచం మీద పెట్టి ఉన్నాయి. "ఊరికే ఉన్నా కదక్కా, చేతులు ఊరుకోలేదు" అంది. ఆ సినిమా తను చూడలేదు, తనకేం తెలుసు. నేను చూశాను కదా. థాంక్స్ చెప్పాను.

ఆ తర్వాత అన్నీ సవ్యంగా జరిగాయి. చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది, కానీ అంతా సవ్యంగానే జరిగింది. మా ఆయన వచ్చాడు, నాకు ఉద్యోగం వచ్చింది, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, ఈ ఇల్లు వచ్చింది, అమ్మాయి పుట్టింది. ఇప్పుడు మా ఇంట్లో పోపు వాసన నిలవదు, పొయ్యి మీద పెద్ద ఫ్యాన్ ఉంది. నేను ఏ కథ మొదలుపెట్టినా మా అమ్మాయి "ఈజ్ దిస్ ట్రూ?" అని అడుగుతుంది, అవునో కాదో చెప్పేదాకా ముందుకి పోనివ్వదు. సార్నియా కాలేజీలో ఇప్పుడు మనవాళ్ళు బాగా పల్చబడ్డారని, హెల్గా మేడమ్ రిటైరై ఆ ఊళ్ళోనే ఉంటోందని లిఖిత చెప్పింది. అప్పుడు మాకు ఏమీ లేదు. ఒక బేస్‌మెంటు, ఒక కుక్కర్, ఒకళ్ళకొకళ్ళం. ఉన్న ఆ ఒక్కదాన్నీ నేను కాపాడుకోలేదు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, నా జొన్నరొట్టె ఏమీ అనకుండా రెండు తినే మనిషి మాత్రం లేదు. మా ఆయనకి మొన్ననే మొదటిసారి ఇదంతా చెప్పాను. "ఇప్పుడెందుకు తవ్వుతావు, ఆ పిల్ల బాగానే ఉండుంటుంది" అన్నాడు. ఆయన ఆ మాట మంచికే అన్నాడని తెలుసు. అయినా ఒళ్ళు మండింది, పళ్ళెం సింక్‌లో గట్టిగా పడేశాను.

లిఖిత పోతూ పోతూ హేమ నంబర్ ఇచ్చింది. ప్రొద్దుటూరులో పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతోందట. వారం రోజులు ఆ నంబర్ చూసుకుంటూ గడిపాను. చివరికి ఒక ఆదివారం పొద్దున, అక్కడ సాయంత్రం, ఫోన్ చేశాను. "అక్కా! యాన్నుంచి అక్కా, ఇన్నాళ్ళకి! బావ బాగున్నాడా? పిల్లెంత అయింది?" అదే బండగొంతు. వెనకాల పిల్లలు ఏవో పదాలు వల్లెవేస్తున్నారు. ఇంకో నిమిషం ఆగితే చెప్పలేనని తెలుసు. "హేమా, అప్పుడు మేడమ్ నన్ను పిలిచిందే" అన్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు నా పేరు చెప్పిన మర్నాడే. కూర్చోబెట్టి అడిగింది. నేను అవునంటే నిన్ను వదిలేస్తానని కూడా చెప్పింది. నేను తెలియదన్నా. నిద్రపోయింది కూడా అబద్ధం. సినిమా మొత్తం చూసిన. కావాలనే మార్చి చెప్పిన. నువ్వు ఎస్సే చదివినప్పుడు కూడా నాకు తెలుసు."

వెనకాల పిల్లల గోల ఎక్కువైంది. "గమ్మునుండండిరా" అని కసిరింది. తలుపు వేసిన చప్పుడైంది. తిడుతుందనుకున్నాను. తిట్టమని మనసులో వేడుకున్నాను కూడా. తిట్టలేదు.

"అక్కా, నేను ఊరికొచ్చినాక ఆమెకి మెయిల్ పెట్టినా" అంది మెల్లగా. "నోటికొచ్చినట్లు రాసినా. ఒక మనిషిని అడగను కూడా అడక్కుండా నా బతుకు నాశనం చేసినావు, మేము నీకు మనుషుల్లాగ కనపల్లేదు అని. ఆమె జవాబిచ్చింది. మూడే ముక్కలు. 'నేను అడిగాను. ఆమె తెలియదంది. నిన్ను కాపాడలేకపోయాను, క్షమించు.' అంతే రాసింది."

నేను మెట్టు మీద కూర్చున్నాను.

"నేను నమ్మల్యా. మా నాయనకి చూపించినా. చూడు నాయనా, తప్పించుకోడానికి ఈ ముసిల్ది మా అక్క మీదికి తోస్తాంది, మా అక్క అట్లా చెప్పే మనిషి కాదు అని చెప్పినా. మళ్ళా ఇంకో మెయిల్ పెట్టినా, ఇంకా గలీజుగా. దానికి ఆమె ఏమీ అనలేదు."

"తప్పైపోయింది హేమా. నేను ఆమెకి రాస్తా. కాలేజీకి రాస్తా. ఏం చెయ్యమంటే అది చేస్తా" అన్నాను, ఏడుస్తూనే.

"ఆమె ఉందా ఇప్పుడు?"

"ఉంది. సార్నియాలోనే."

"అడ్రసు కనుక్కుని పంపించు."

"నేను కూడా రాస్తానే, జరిగిందంతా..."

"నీది నువ్వు రాసుకో, రాసుకోకపో, నీ ఇష్టం. నాది నేను రాసుకోవాల. ఇన్నేళ్ళు నిజం చెప్పిన మనిషిని అబద్ధాలకోరని తిట్టుకుంటా బతికినా. ముందు ఆమెకి సారీ చెప్పుకోవాల." తలుపు అవతల పిల్లలు మళ్ళీ మొదలెట్టారు. "నీ సంగతి యేందో నాకు ఇప్పుడు తెలీదక్కా" అని ఫోన్ పెట్టేసింది.